మనసెరుగువాడును మరమనిషియు

పరుల మనస్సు నెరుగు శక్తి గలవాడు ధన్యుడని మనవారి నమ్మకము. యోగికి అట్టి సిద్ధి కలదన్నచో చేతులు జోడింతుము. సోదె చెప్పువారి యెదుట చేటలో బియ్యము పోసి కూర్చుందుము. ఎరుకలసాని కోలతో మన యరచేతిని తాకి, నీ మనసులో నొక దిగులున్నదని చెప్పగానే ముక్కుమీద వ్రేలు వేసికొందుము. దిగులు లేని మనస్సు లోకములో నెక్కడ నున్నదని యొక్కరమును ప్రశ్నింపము. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు. ఆ శక్తి నిజముగా నొక మనుష్యునకు కలిగినచో వాని బ్రతుకెట్లుండును? దీనిని మన మెన్నడును విచారింపలేదు. విచారించిన యొక కథను పురస్కరించుకొని, మన గృహములను గూర్చి నాలుగు కఠినమైన మాటలు చెప్పదలచినాము.

అమెరికాదేశీయులగు డెన్నిస్ బైలీ, డేవిడ్ బిషాఫ్ అనువారు తాము 1979లో నవలగా ప్రకటించిన కథను మార్చి, "స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్" అను టెలివిజన్ ధారావాహికకు "టిన్ మ్యాన్" అను నాటకముగా వ్రాసిరి. అది 1990 ఏప్రిలులో ప్రదర్శింపబడెను. నక్షత్రముల నడుమ తిరుగు నావ కథతో విజయనగరపు గృహస్థునకు పని యేమని చదువరు లడుగవచ్చును. పురాణములలోని పుష్పకవిమానము నడుగక యంగీకరించినవారము గదా! కొంచె మోపిక పట్టుడని ప్రార్థించుచున్నాము.

ఆ కథలో టామ్ ఎల్‌బ్రన్ అనువాడు కలడు. వానిది పరచిత్తము నెరుగుట సహజధర్మముగా గల జాతి. ఆ జాతివారికి సాధారణముగా నీ శక్తి యౌవనారంభమున కలుగును. అప్పటికి మనసు కొంత ముదిరి, తలుపులు వేసికొనుట నేర్చియుండును. టామ్‌కు మాత్రము పుట్టుకతోనే కలిగెను. ఊయెలలో నున్న నాటినుండియు చుట్టుపట్ల వారి కోరికలు, భయములు, అసూయలు వానిలోనికి వచ్చి పడుచుండెను. వినకుండ చెవులు మూసికొనవచ్చును. దీనికి మూత లేదు. అందుచే వాడు పలుమారులు వైద్యశాలలో నుండవలసివచ్చెను. లోకము వానిని వదలలేదు. తెలియని జీవులతో మాటలాడవలసి వచ్చినప్పుడెల్ల వానినే పిలిచెను. అట్టి యొక పనిలో 47 మంది మరణించిరి. ఆ నింద వాని నెత్తిమీద నిలిచెను.

అట్టివాడు ఎంటర్‌ప్రైజు అను నావ నెక్కెను. అందులో డేటా అను మరమనిషి యొకడు ఉద్యోగి. మనుష్యునివలెనే నిలిచి, మనుష్యునివలెనే మాటలాడుచున్న యా యాకారమునుండి టామ్‌కు ఒక్క తలపైనను వినబడలేదు. ఎదుట నున్నవాని మనసు తెలియకపోవుట వానికి క్రొత్త. మొదట కలవరపడెను. పిదప నా నిశ్శబ్దమే వానికి చల్లని నీడయై తోచెను. వేయిమంది మనసుల రొదనుండి తప్పించుకొని, మనసులేని వాని గదికి పోయి కూర్చుండెను.

ఈ ఘట్టమును చూచి, మనుష్యులకంటె యంత్రమే మేలైన స్నేహితుడని కొందరు పాఠము తీయుదురు. ఇది తప్పు పాఠము. ఒక మనుష్యుడు విశ్రాంతికై మరబొమ్మను వెదకికొనిపోయినచో, అది మరబొమ్మకు యోగ్యతాపత్రము కాదు. తక్కినవారి మీద నేరారోపణ పత్రము. ఆ నావలోని వారందరికి టామ్ శక్తి కావలెను. టామ్ మాత్రము అక్కరలేదు. వాడు తమ లోపలి సంగతులు కనిపెట్టునని భయము. వానివలన పని జరుగునని యాశ. భయమునకును ఆశకును నడుమ, వానికి నిదుర పట్టినదా యని యడుగువారు మిక్కిలి తక్కువ.

ఇక మన యిండ్లకు వత్తము. మా యిండ్లలో నట్టి వింతమనుష్యులు లేరని చదువరు లనవచ్చును. లేకేమి? ఇంటి కొకరు చొప్పున తయారుచేయుచునే యున్నారము. మనసెరిగి మసలుకొనవలెనని ఆడపిల్లకు బుద్ధులు చెప్పి యత్తవారింటికి పంపుట మన యాచారము. ఎవరి మనసు? మామగారి మనసు, అత్తగారి మనసు, ఆడుబిడ్డ మనసు, మగని మనసు! మామగారు దగ్గినచో మంచినీళ్లు కావలెనో, కోపము వచ్చినదో ఆమె పోల్చుకొనవలెను. మగడు కంచము ముందు మౌనముగా కూర్చున్నచో కూరలో నుప్పు తక్కువయో, కచేరిలో చీవాట్లు పడినవో తెలిసికొనవలెను. నోరు తెరచి యొక్క మాట చెప్పిన తీరిపోవు దానికి ఆమె దినమంతయు జ్యోతిషము చెప్పుకొనవలెను! చెప్పకయే గ్రహించినచో కోడలు బంగారము, గ్రహింపనిచో మందమతి. ఇంత చేసియు నా కోడలి మనసులో నేమున్నదని యడిగిన యిల్లు ఎన్ని గలవు?

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో మగవారు పనులకై విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు, మరియు దూరదేశములకు పోవుట వాడుక. ఇంట మిగిలిన ముసలివారి మనసును, పిల్లల మనసును, టెలిఫోనులో వినబడు మగని మనసును ఒక్క స్త్రీయే మోయవలెను. అట్టి యిల్లాలికి ఒకనాడు నిదుర పట్టదు. ఒకనాడు అన్నము సయింపదు. ఒకనాడు కారణము లేక యేడ్చును. కారణము లేకనా? కారణములు ఇంటినిండ నున్నవి. ఏడుగురి దుఃఖము నొక్కతె యేడ్చుచున్నది.

అప్పుడు మనమేమి చేయుదుము? గాలి సోకినదందుము. అమ్మవారు పూనినదందుము. పూనినదన్నచో కొన్నాళ్లు పసుపు కుంకుమలు. సోకినదన్నచో వేపమండలు, మిరపకాయల పొగ. పూజించుటయును కొట్టుటయును ఒకే యజ్ఞానమునకు రెండు చేతులు. మన యుత్తరాంధ్రపు మన్యములో చిల్లంగి నెపమున మనుష్యులను చంపిన దారుణములను పత్రికలు పలుమారులు ప్రకటించినవి. పరుల కగపడనిది తన కగపడునని చెప్పుకొను మంత్రగానిని, విజయనగరమున 1892లో ప్రథమముగా ప్రదర్శింపబడిన "కన్యాశుల్కము" నందే గురజాడ అప్పారావుగారు నవ్వులపాలు చేసిరి. అందులోని పూజారి గవరయ్య దయ్యమును సీసాలో పట్టి బిరడా బిగించు వైభవమును తెలుగువా డెవడు మరచును? నూరేండ్లకు పైగా నవ్వితిమి. నాటకశాలలో నవ్వి, యింటికి వచ్చి, కోడలికి జ్వరము తగ్గకున్న గవరయ్య మనుమని పిలిపించితిమి!

2017లో చేయబడి 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మనోవ్యాధి గలవారికి వైద్యము పొందు హక్కు నిచ్చి, వారిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. విశాఖపట్టణము చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము టెలి మానస్ అను సేవను నెలకొల్పినది. 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో రుసుము లేక తెలుగులోనే మాటలాడవచ్చును. చట్టము కలదు, వైద్యశాల కలదు, సంఖ్య కలదు. పిచ్చాసుపత్రికి పోయినదని తెలిసిన చెల్లెలికి సంబంధము రాదను భయ మొక్కటి మాత్రము వీని కన్నిటికి అడ్డముగా గుమ్మములో కూర్చున్నది. ఆ భయమును లేవగొట్టవలసినవారు వైద్యులు కారు, మనము.

ఈ నడుమ నొక క్రొత్త యతిథి మన యిండ్లలో ప్రవేశించినాడు. పదునొకండవ శతాబ్దమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరములో, నరవాహనదత్తు డొక పట్టణమున కేగగా, అచట పౌరులందరును కొయ్యతో చేసిన మరబొమ్మలు. వారు ప్రాణము గలవారివలె తిరుగుచుందురు; మాట లేకుండుటచేతనే వారు జీవులు కారని తెలియును. మనుష్యునకును యంత్రమునకును సోమదేవుడు పెట్టిన గుర్తు మాట. ఆ గుర్తు నేడు చెరిగిపోయినది. 2018 ఫిబ్రవరిలో సోఫియా అను మరబొమ్మ హైదరాబాదు సభలో మాటలాడగా పెద్దలందరు విని యానందించిరి. ఇప్పుడు బొమ్మ కూడ నక్కరలేదు. చేతిలోని టెలిఫోనే తెలుగులో బదులు చెప్పుచున్నది.

మా పాఠశాలలో చదువుకొను బాలిక యొకతె, రాత్రి యందరు పరుండిన పిదప తన బాధలను ఆ యంత్రముతో చెప్పుకొనుచున్నట్లు మాకు తెలిసినది. అమ్మతో చెప్పరాదా యని యడిగితిమి. అమ్మతో చెప్పిన అమ్మ యేడ్చును. ఆమె నూరడించుట మరల తన పనియే యగునని యా బాలిక సమాధాన మిచ్చినది. పదునాలుగేండ్ల పిల్ల! టామ్ ఎల్‌బ్రన్ నావలో చెప్పిన సమాధానము వేరొకటి కాదు. ఆమె యంత్రమును ప్రేమించి పోలేదు. మన బరువునుండి తప్పించుకొని పోయినది. ఆ పిల్లనుండి టెలిఫోను లాగికొనిన తండ్రి తన బాధ్యత తీరినదనుకొనునేని, అంతకంటె తెలివితక్కువ లేదు.

అట్లని మేము యంత్రము పక్షము వహింపము. అది యెగతాళి చేయదు, ఇరుగుపొరుగులకు మోయదు, అర్ధరాత్రమైనను విసుగుకొనదు. దానితో చెప్పుకొనుటలో నష్టమేమని కొంద రందురు. నష్టము కలదు. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అను పండితుడు అమెరికాలో ఎలైజా అను మాటలాడు యంత్రవిధానమును ప్రకటించెను. అడిగినవారి మాటనే త్రిప్పి ప్రశ్నగా నడుగుట తప్ప దానికి వేరు విద్య లేదు. అయినను, అది తయారగుట కన్నులార చూచిన యాయన కార్యదర్శినియే దానితో నేకాంతముగా మాటలాడుటకై ఆయనను గదినుండి వెలుపలికి పొమ్మని కోరినదట! ఆయన యాశ్చర్యపడి, పిమ్మట భయపడి, అట్టి యంత్రములను మనుష్యుల స్థానమున నిలుపరాదని 1976లో గ్రంథమే వ్రాసెను. బావిలోనికి తొంగి యరచినచో మన గొంతే వినబడును. దానిని స్నేహితుని బదులని భ్రమించినవాడు దాహము తీర్చుకొనడు సరికదా, బావిలో పడును.

కథలోని డేటాకును నేటి వాచాలయంత్రములకును మరియొక భేదము కలదు. తనకు మనుష్యుల యనుభూతులు లేవని డేటా దాచడు. ఆ సత్యసంధతయే టామ్‌కు విశ్రాంతి నిచ్చినది. మన చేతిలోని యంత్రమో, నీ బాధ నాకర్థమైనదని యుపచారపు పలుకు పలుకును. ఎవరికి అర్థమైనది? బాధపడజాలనిదానికి బాధ యర్థమగుట యెట్లు? మనసు లేకుండుట యంత్రము దోషము కాదు. కలదని నటింపజేయుట దానిని చేసిన వర్తకుల దోషము. ఆ నటనను మానిపింపవలెనని ప్రభుత్వము నడుగుట మన హక్కు.

అయిన నిందకు మూల మింటనే కలదు గనుక ఇంటితోనే ముగింతము. పరచిత్తజ్ఞానమును పతంజలి మహర్షి కాదనలేదు. కాని యోగసూత్రములలో దానికి రెండు కట్టుబాట్లు పెట్టెను. యోగి పరుని చిత్తవృత్తిని గ్రహించును గాని, ఆ చిత్తము దేనిని పట్టుకొని యట్లున్నదో ఆ విషయము వానికి తెలియదట. మరియు నిట్టి సిద్ధులు సమాధికి విఘ్నములట. ఇంతటి సూక్ష్మమైన మాటను మనవారు ప్రక్కకు నెట్టి, సిద్ధిని మాత్రము పట్టుకొని వ్రేలాడిరి. కోపమున్నదని యోగికి తెలియును, ఎందుకో తెలియదు. దుఃఖమున్నదని తెలియును, ఎవరివలననో తెలియదు. తెలియవలెనన్న యోగియైనను నోరు తెరచి యడుగవలసినదే! యోగికే లేని జ్ఞానమును పందొమ్మిదేండ్ల కోడలినుండి కోరువారిని ఏమనవలెను?

కావున గృహస్థులారా! మీ మనసులను ఊహింపుమని యొరులను శిక్షింపకుడు. ఆకలియైనచో ఆకలి యనుడు, కోపమైనచో కారణము చెప్పుడు, తప్పైనచో తప్పనుడు. మీ యింట నందరి దుఃఖమును వినునది యెవరో గుర్తించి, దినమున కొక్క గడియయైనను ఆమె నెవ్వరు నేమియు నడుగకుండ విడువుడు. పిమ్మట ఆమె ప్రక్కన కూర్చుండి, ఆమె మాట వినుడు. విని వెంటనే యేడ్వకుడు, వెంటనే బుద్ధులు చెప్పకుడు. ఇది చేయుటకు సిద్ధి యక్కరలేదు, యంత్ర మక్కరలేదు. రెండు చెవులును కొంచెము సిగ్గును చాలును.

ఆ కథ తుదిలో టామ్ మనుష్యలోకమునకు తిరిగి రాలేదు. తనవారిని పోగొట్టుకొని యొంటరియై దుఃఖించుచున్న, ప్రాణము గల యొక నావలో నిలిచిపోయెను. అచట నొక్క మనసే, రొద లేదు. కథలో నది సుఖాంతము. మన యింటి బిడ్డల కట్టి నావ రాదు. వారికి మిగిలినవి చేతిలోని యంత్రమును, వెనుకటి నుయ్యియును, లేక మనమును. ఈ మూటిలో మనము మొదటివారము కావలెను.