వలెన్సియాలో మాడుచెక్క

మాడ్రిడ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి మేమిద్దరం వెళ్లినప్పుడు, "సముద్రం చూద్దాం నాన్నా" అంటూ రైలెక్కించింది. రెండు గంటల్లోపే స్పెయిన్ తూర్పు తీరాన ఉన్న వలెన్సియాలో దిగాం. అందరూ బార్సిలోనాకే పోతారు. అన్నం తినే మనవాళ్లకు మాత్రం నేను వలెన్సియానే చెబుతాను.

ఊరికి దక్షిణాన సుమారు 10 కిలోమీటర్ల దూరంలో అల్బుఫేరా అనే మంచినీటి సరస్సు, దాని చుట్టూ వరిమళ్లు. వరిని అక్కడికి తెచ్చింది అరబ్బులట. ఆ పొట్టి గింజ బియ్యంతో వండేదే పాయేయా. అసలు అది వెడల్పుగా, లోతు లేకుండా ఉండే పెనం పేరు. పెనం పేరే వంటకానికి వచ్చింది. కోడి, కుందేలు మాంసం, చిక్కుడు గింజలు, టమాటా, కుంకుమపువ్వు వేసి, బియ్యం పోశాక ఇక కలపకుండా ఇగరనిస్తారు. రొయ్యలతోనూ చేస్తారు గాని, అసలైనది ఇదేనని ఊరివాళ్ల పట్టుదల. తినేది మధ్యాహ్నం పూటే. మా ఆవిడ శాకాహారి. ఆమెకు కూరగాయల అన్నం విడిగా వండించాం. మాంసం ఉడికిన రసం పోయవద్దని కూడా ముందే చెప్పుకోవాలి సుమండీ! అడుగున అంటిన మాడును 'సొకర్రాట్' అంటారు, దానికోసం పోటీలు పడతారు. మా ఆవిడ చెంచాతో గీకుతూ "మా అమ్మ ఇత్తడి గిన్నె గుర్తొస్తోందండీ" అంది. సంచిలోని కారప్పొడి సీసా ఆ పూట బయటికి రాలేదు.

ఎండకు ఓర్చాటా తాగాలి. ఒక రకం తుంగ గడ్డలు నానబెట్టి, రుబ్బి, వడగట్టి, చక్కెర కలిపి చల్లగా ఇస్తారు. పాలచుక్క ఉండదు. మన పొలాల్లో కలుపని పీకి పారేసే తుంగకు ఇది దగ్గరి చుట్టం.

పెద్ద మార్కెట్ ఎదురుగా 15వ శతాబ్దంలో మొదలుపెట్టిన పట్టు వర్తకుల భవనం ఉంది. 1996లో యునెస్కో జాబితాకెక్కింది. మెలితిరిగిన స్తంభాల హాలులో గోడల చుట్టూ బంగారు అక్షరాల లాటిన్ శాసనం. మోసం చేయని, మాట తప్పని, వడ్డీకి అప్పివ్వని వర్తకుడికి ఇహమూ పరమూ దక్కుతాయని దాని సారాంశం. ముప్ఫై ఏళ్లుగా వడ్డీ లెక్కల మీదే ఇల్లు నడుపుతున్నవాణ్ణి, ఆ మూడో మాట దగ్గర అమ్మాయి నా మొహం కేసి చూసి నవ్వింది.

గురువారం ఉన్నారంటే మధ్యాహ్నం 12 గంటలకు కేథడ్రల్ గుమ్మం ముందు నిలబడండి. నీటి న్యాయస్థానం కూర్చుంటుంది. కాలువల రైతులు తమలోంచి ఎన్నుకున్న ఎనిమిది మంది నల్ల అంగీలు వేసుకుని వస్తారు. విచారణంతా నోటిమాటే, తీర్పుకు అప్పీలు లేదు. మేం చూసిన రోజున ఫిర్యాదులేమీ లేవు. కాలువల పేర్లు ఒక్కొక్కటే పిలిచి, కొద్ది నిమిషాల్లో లేచిపోయారు. 1990లో వేసిన కావేరి ట్రిబ్యునల్ తుది తీర్పుకు 2007 దాకా, ఆపైన సుప్రీంకోర్టు మాటకు 2018 దాకా ఎదురుచూసిన హోసూరు వాణ్ణి కదా, నోరు తెరుచుకుని చూశాను. పంట కాలువకూ రాష్ట్రాల నదికీ పోలిక లేదనుకోండి.

నన్ను పట్టుకున్నది మరొకటి. అక్కడ నడిచేది స్పానిష్ కాదు, వలెన్సియన్. మాడ్రిడ్ స్పానిష్ నేర్చిన మా అమ్మాయికి సగమే అందింది. పక్కనున్న ముసలాయన మాతో స్పానిష్‌లో, తన భార్యతో వలెన్సియన్‌లో మాట్లాడాడు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బ్యాంకులో ఇంగ్లీషు అయిన మా ఆవిడకూ నాకూ ఆ దంపతులు కొత్తవాళ్లలా అనిపించలేదు.

సముద్రం సంగతి చెప్పనే లేదు కదూ! మాల్వరోసా ఇసుక మెత్తన. నీళ్లు మాత్రం మే నెలలో కూడా చల్లగా ఉన్నాయి. మోకాళ్ల దాకా దిగి వచ్చేశాం.