ఎవరి వేసవి, ఎవరి సేవ?

జూన్ వచ్చిందంటే అమెరికా చర్చిల నుంచి ఒకే రంగు టీషర్టులు వేసుకున్న యువబృందాలు ఎంటెబ్బే, నైరోబి, లిలాంగ్వే విమానాశ్రయాల్లో దిగుతుంటాయి. పది రోజులో రెండు వారాలో ఉండి వచ్చే ఈ ప్రయాణానికి సమ్మర్ మిషన్ ట్రిప్ అని పేరు. కానీ మలావిలో జూన్, జూలై చలి నెలలు. ఉగాండాలోనైతే బడులు నడిచే రోజులు. మే చివర్లో మొదలయ్యే రెండో టర్ము ఆగస్టు దాకా సాగుతుంది. వేసవి సెలవులు వెళ్లేవాళ్లవే తప్ప అక్కడివాళ్లవి కావు. చిన్నగా కనిపించే ఈ తేదీల తేడాలోనే అసలు చిక్కు ఉందని నా అభిప్రాయం. ఎప్పుడు రావాలి, ఎన్నాళ్లు ఉండాలి, ఏ పని చేయాలి అన్నవి పిలిచిన ఊరు కాక వచ్చే అతిథి నిర్ణయిస్తున్నంత కాలం, ఆ యాత్ర ఎంత మంచి మనసుతో చేసినా సేవ కాలేదు.

ఆ రోజులు ఎలా గడుస్తాయో చూడండి. పొద్దున ప్రార్థన, టిఫిను, ఎర్రమట్టి దారిలో వ్యాను ప్రయాణం. ‘ముజుంగు, ముజుంగు’ (తెల్లవాళ్లు) అంటూ వెంటపడే పిల్లలు. బడి గోడలకు రంగులు వేస్తారు; మధ్యాహ్నం మన సంఘాల్లో వేసవిలో జరిగే వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) తరహాలోనే పాటలు, బొమ్మలు, ఫుట్‌బాల్. రాత్రి ఆనాటి అనుభవాలు పంచుకుంటారు. చివరి రెండు రోజులు కెన్యాలో అయితే మసాయి మారా సఫారీ, ఉగాండాలో అయితే జింజా దగ్గర నైలు నదిలో పడవ. ఈ పట్టికలో పాఠం ఆగిపోయిన తరగతి గది కనిపించదు. ఆ గోడకు రంగు వేసి నాలుగు రోజుల కూలి సంపాదించుకోగల ఊరి పెయింటరు కూడా కనిపించడు. పోనీ సువార్త చెప్పడానికే వెళ్తున్నారనుకుందామన్నా, ఉగాండాలో ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా ఇప్పటికే క్రైస్తవులు. అక్కడి పాస్టర్లు అక్కడి భాషల్లో వాక్యం చెబుతూనే ఉన్నారు.

ఖర్చు లెక్క మరింత బాధ కలిగిస్తుంది. అమెరికా నుంచి తూర్పు ఆఫ్రికాకు రెండు వారాల యాత్ర అంటే మనిషికి 3 వేల డాలర్ల దరిదాపుల్లో అవుతుంది. ఉగాండాలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడి జీతం నెలకు సుమారు 5 లక్షల షిల్లింగులు, అంటే 150 డాలర్లకు లోపే. ఒక్కరి ప్రయాణ ఖర్చుతో ఒక టీచరు ఏడాదిన్నర పైన పాఠం చెప్పవచ్చు. 1998లో మిచ్ తుపాను తర్వాత మధ్య అమెరికాలోని హోండురాస్‌లో కట్టిన ఇళ్లను కర్ట్ వెర్ బీక్ అనే సామాజికవేత్త అధ్యయనం చేశారు. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన బృందాలు కట్టిన ఇల్లు, ప్రయాణ ఖర్చులు కలుపుకుంటే సగటున 30 వేల డాలర్లు పడింది. స్థానిక క్రైస్తవ సంస్థ అలాంటి ఇంటినే 2 వేల డాలర్లకు కట్టింది. ఖండం వేరైనా లెక్క ఒకటే.

డబ్బు వృథా అయితే ఎలాగో సర్దుకోవచ్చు, పిల్లల విషయంలో అలా కుదరదు. ఇలాంటి యాత్రల్లో తరచుగా ఉండే మజిలీ అనాథాశ్రమం. ప్రపంచవ్యాప్తంగా ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని ‘సేవ్ ద చిల్డ్రన్’ సంస్థ 2009లోనే చెప్పింది. పిల్లల్ని అక్కడికి చేరుస్తున్నది ఎక్కువగా పేదరికం. చూడటానికి వచ్చేవారు, విరాళాలిచ్చేవారు పెరిగేకొద్దీ ఆశ్రమాలు నిండి ఉండటమే లాభసాటి అవుతుంది. పైగా రెండు వారాలకో కొత్త అక్క వచ్చి ఎత్తుకుని, అలవాటయ్యేసరికి ఏడిపించి వెళ్లిపోతుంటే ఆ పసిమనసు ఏమవుతుంది? టీనేజీలో స్వచ్ఛంద సేవకని జింజా వెళ్లిన ఒక అమెరికన్ యువతి, వైద్య విద్య లేకుండానే, పోషకాహార లోపం ఉన్న పిల్లల కోసం కేంద్రం నడిపింది. 2010 నుంచి 2015 మధ్య అక్కడ చేరిన 940 మందిలో 105 మంది చనిపోయారు. పిల్లలు అప్పటికే విషమ స్థితిలో వచ్చారన్నది కేంద్రం వాదన. తల్లులు వేసిన దావా 2020లో రాజీతో ముగిసింది. ఆమె ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. అర్హత లేని చేతికి పసిబిడ్డ ప్రాణాన్ని అప్పగించే ధైర్యం తన దేశంలో ఎవరూ చేయరు; ఆఫ్రికాలో చేయవచ్చనుకోవడమే తప్పు.

యాత్ర వల్ల యువత మనసు మారుతుందని, వాళ్లే రేపు జీవితాంతం దాతలవుతారని సమర్థకులు అంటారు. గౌరవించదగ్గ వాదనే. అయితే తిరిగి వెళ్లినవారిని వెర్ బీక్ పలకరించినప్పుడు, ఎక్కువమంది దానధర్మాల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. నిజంగా మారినా, ఒకరి మనసు మారడానికి ఇంకొకరి పేదరికం పాఠ్యపుస్తకం కాకూడదు. రెండో అభ్యంతరం బలమైనది: కొద్దిరోజులు వెళ్లి ఆపరేషన్లు చేసి వచ్చే డాక్టర్ల మాటేమిటి? అది నిజమైన మేలే. క్రైస్తవ సంస్థ ‘మెర్సీ షిప్స్’ ఆసుపత్రి నౌక, ఆ దేశ ప్రభుత్వం పిలిస్తే వెళ్లి, నెలల తరబడి ఒకే రేవులో ఉంటుంది. స్థానిక వైద్యులకు శిక్షణ ఇస్తుంది. సర్జన్ రెండు వారాలే ఉన్నా నౌక ఉంటుంది, రోగిని చూసుకునేవారుంటారు. తక్కువ రోజులు ఉండటం దోషం కాదు. పిలుపు, నైపుణ్యం, వెనక నిలబడే వ్యవస్థ లేకపోవడమే దోషం.

ఈ తేడా తెలుగువారికి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒంగోలులో అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. దాన్ని తవ్వడానికి అమెరికా కుర్రాళ్లను రప్పించలేదు. ఆకలితో ఉన్నవాళ్లకే పనిచ్చి కూలి ఇచ్చాడు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1930లో ఆ ఊళ్లోనే కన్నుమూసింది. ఆ మిషనరీల మత ప్రచారం మీద ఎవరి అభిప్రాయాలు వారికి ఉండవచ్చు. వాళ్లు తెలుగు నేర్చుకున్నారని, ఇక్కడే దశాబ్దాలు గడిపారని, ఊరి అవసరం చూసి పని ఎంచుకున్నారని మాత్రం కాదనలేం.

అమెరికాలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు ఒక విన్నపం. కాలేజీ దరఖాస్తు కోసమో, పిల్లలకు లోకం తెలియాలనో వచ్చే వేసవికి ఇలాంటి యాత్ర ఆలోచిస్తుంటే, టికెట్టు కొనేముందు అక్కడి బడి ప్రధానోపాధ్యాయుడికి ఒక ఉత్తరం రాయండి. మా పిల్లలు రావడం మీకు కావాలా, వస్తే ఏ నెలలో, వద్దంటే ఈ డబ్బు ఏ టీచరు జీతానికి పంపమంటారు అని అడగండి. వద్దని జవాబొస్తే నొచ్చుకోకుండా ఆ డబ్బు పంపండి.