ఆకలియు నగరశాంతియు

ధరలు పెరిగి, పనులు తరిగి, కూలిజనము కడుపు నింపుకొనలేని స్థితి వచ్చినపుడెల్ల నగరవాసులను ఒక భయము పట్టి పీడించును. బీదలు వీధికెక్కుదురేమో, దుకాణములు దోపిడికి గురియగునేమో, దొమ్ములు చెలరేగునేమో యని గృహస్థులు తలుపుల గడియలు సరిచూచుకొందురు. అధికారులు పోలీసు బలగముల లెక్క చూచుకొందురు. ఈ భయము నిర్హేతుకమని మేము చెప్పజాలము. కాని యిందులో ఒక పొరపాటు కలదు. ఆకలి యెంత యెక్కువయైన అల్లరి అంత యెక్కువగునని తలచుటయే ఆ పొరపాటు. చరిత్ర అట్లు చెప్పుట లేదు. మిక్కిలి ఆకొన్నవారు మిక్కిలి మౌనముగా మరణించిరి. అంతకన్న ఎంతో మేలైన స్థితిలో నున్నవారు ప్రభుత్వములను కూలద్రోసిరి. ఈ వైపరీత్యమునకు కారణమేమో తెలిసికొన్ననే గాని నగరశాంతిని కాపాడు మార్గము మనకు గోచరింపదు.

1943 వ సంవత్సరపు వంగదేశపు కరవును తలచుకొందము. ఆ క్షామమున మరణించినవారు సుమారు 15 లక్షలని 1945 లో నివేదిక సమర్పించిన విచారణసంఘము అంచనా వేసెను. పిమ్మటి పండితులు కొందరు 30 లక్షల వరకు లెక్కించిరి. కలకత్తాలో యుద్ధసామగ్రి తయారుచేయు కర్మాగారముల కూలీలకును, ప్రభుత్వోద్యోగులకును తక్కువ ధరకు బియ్యము చేరు ఏర్పాటు కలదు. పల్లెలలోని వ్యవసాయ కూలీలకు, జాలరులకు, చేతిపనులవారికి అట్టి రక్షణ లేదు. వారు చెంబు తపేలాలు అమ్ముకొని, పిల్లలను చంకనెత్తుకొని, నడచి నడచి నగరము చేరిరి. అన్నము కాదు, గంజినీళ్లు అడిగిరి. ధాన్యపు కొట్ల యెదుట, మిఠాయి అంగళ్ల యెదుట కూలిపోయిరి. అయినను చెప్పుకొనదగిన దోపిడి ఆ మహానగరమున జరుగలేదు.

ఏల? ఒంట శక్తి యుడిగినవాడు తిరుగబడలేడన్నది ఒక కారణము. అంతకు మించిన కారణము వేరొకటి కలదు. ఆ నగరము వారిది కాదు. అచ్చటి బియ్యములో వారికి పాలు కలదని ఎవరును మాట ఇచ్చియుండలేదు. అడుగుటకు సంఘము లేదు, చూపుటకు చీటి లేదు. తనకు హక్కు కలదని యెరుగనివాడు, ఆ హక్కు పోయినదని కోపింపలేడు. తన ప్రారబ్ధమని తలవంచును.

ఇది పాతకాలపు ముచ్చట యని త్రోసివేయరాదు. 2020 మార్చి 25 నుండి మహమ్మారి కారణమున దేశమంతట రాకపోకలు నిలిపివేయగా, నగరములలోని వలస కూలీలకు ఒక్క దినమున పనియు, కూలియు, కొందరికి తలదాచుకొను చోటును పోయెను. హైదరాబాదు పొలిమేరలోని లింగంపల్లి నుండి ఝార్ఖండులోని హటియాకు కూలీలతో తొలి ప్రత్యేక రైలు కదలునప్పటికి మే 1 వ తేదీ వచ్చెను. ఈ నడుమ ఐదు వారములు గడచెను. సూరతు వంటి చోట్ల కూలీలు గుమిగూడి గొంతెత్తిన మాట నిజమే. కాని తక్కినవారిలో అత్యధికులు చేసినదేమి? మూటలు నెత్తిన పెట్టుకొని, మండుటెండలో వందల మైళ్లు స్వగ్రామములకు నడచిరి. వారు కట్టిన మేడల నీడల వెంటనే నడచిరి. ఒక్క రాయి విసరలేదు. నాడు నగరములు ప్రశాంతముగా నున్నవని సంతోషించినవారు, అది శాంతి కాదనియు, ఆశ యుడిగినవారి మౌనమనియు గ్రహింపవలెను.

ఇక రెండవ వైపు చూతము. 1918 జూలైలో జపాను దేశమున తొయామా ప్రాంతపు ఊజు రేవులో, జాలరుల ఇండ్ల స్త్రీలు తమ కన్నుల యెదుట ఓడలకెక్కుచున్న బియ్యమును అడ్డగించిరి. బియ్యము లేక కాదు, బియ్యము తరలిపోవుచుండుట చూచి అడ్డగించిరి. సైబీరియాకు సేనలు పోవునన్న వార్త వ్యాపించగనే వర్తకులు ధాన్యము బిగబట్టిరి, ధర చుక్కలనంటెను. కొలది వారములలో అలజడి క్యోతో, ఒసాకా, కోబే నగరములకు ప్రాకెను. కోబేలో సుజుకి యను గొప్ప వర్తకసంస్థ ధాన్యము దాచినదన్న అపవాదు పుట్టగా జనులు దాని కార్యాలయమును తగులబెట్టిరి. సేనలను దింపవలసివచ్చెను. సెప్టెంబరులో తెరౌచీ మంత్రివర్గము గద్దె దిగెను.

అదే సంవత్సరమున మన చెన్నరాజధానియందును అట్టి ఘట్టమే నడచెను. వానలు తప్పెను. యుద్ధము మూలమున ఓడలు దొరకక బర్మా బియ్యము రాక తగ్గెను. రైలు పెట్టెలు చాలకుండెను. బియ్యముతోబాటు బట్టలు, ఉప్పు, కిరసనాయిలు ప్రియమయ్యెను. కృష్ణా మండలమునను, సెప్టెంబరు మాసమున సాక్షాత్తు చెన్నపట్టణముననే అంగళ్ల దోపిడులు జరిగెను, తుపాకులు ప్రేలెను. ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. పలుచోట్ల జనులు మొదట దోచుకొనలేదు. న్యాయమైన ధరకు అమ్ముమని వర్తకుని అడిగిరి. అతడు కాదన్న పిమ్మటనే తలుపులు విరిగెను. వారి మనసున న్యాయమైన ధర యన్నది యొకటి కలదు. అది ఉల్లంఘింపబడినదన్న రోషమే వారిని ముందుకు నెట్టెను.

పొరుగున నున్న సింహళము ఈ సత్యమునే రెండుమార్లు నిరూపించెను. 1952 ఎన్నికలలో శేరు బియ్యము 25 సెంట్లకే ఇచ్చెదమని చెప్పి గెలిచిన ప్రభుత్వము, 1953 లో దానిని 70 సెంట్లకు పెంచెను. బడిపిల్లల భోజనమును మాన్పెను. రైలు ఛార్జీలు హెచ్చించెను. ఆగస్టు 12 న ద్వీపమంతట హర్తాళము జరిగెను. మంత్రులు కొలంబో రేవులోని బ్రిటిషు యుద్ధనౌకపై సమావేశము జరుపుకొనవలసిన దుర్గతి పట్టెను. అక్టోబరులో ప్రధాని డడ్లీ సేననాయకే రాజీనామా చేసెను. నాడు సింహళమున కరవు లేదు. ఇచ్చిన మాట తప్పుటయే కలదు.

మరల 2022 లో ఏమయ్యెను? అంతకు మున్ను 2019 చివర పన్నులు విపరీతముగా తగ్గించి బొక్కసమును ఖాళీచేసిరి. 2021 లో రసాయనపు టెరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి వరి పంటను దెబ్బతీసిరి. విదేశద్రవ్యము అడుగంటెను. పెట్రోలునకు, వంట గ్యాసునకు దినముల తరబడి వరుసలు. మార్చి చివర దినమునకు 13 గంటల వరకు విద్యుత్తు కోత. ఏప్రిల్ 12 న విదేశపు అప్పులు చెల్లింపజాలమని ప్రకటించిరి. వీధికెక్కినది కేవలము నిరుపేదలు కారు. ఉపాధ్యాయులు, విద్యార్థులు, న్యాయవాదులు, మతగురువులు, చిన్న ఉద్యోగులు ఎక్కిరి. జూలై 9 న జనసమూహము అధ్యక్షభవనమున ప్రవేశించెను. ఐదు దినములకు అధ్యక్షుడు గోటబయ రాజపక్స దేశాంతరమునుండి రాజీనామా పంపెను. ఒకే కుటుంబమువారు అధికారపదవులన్నియు పంచుకొని, కష్టమును మాత్రము ప్రజలకు పంచిరన్న భావము ఆ ద్వీపమున బలముగా నాటుకొనియుండెను.

ఈ యుదాహరణములన్నియు కలిపి చూచినచో విషయము స్పష్టము. దారిద్ర్యము చిరకాలమునుండి యున్నచోట అలజడి అరుదు. నిన్న దొరకినది నేడు దొరకకుండుట, కొట్టులో సరకు కనబడుచుండగా చేతికి అందకుండుట, పాలకులు మాట తప్పుట, కష్టము అందరిపై సమానముగా పడకుండుట, మొర వినువారు లేకుండుట—ఇవి కూడినచోట మాత్రము ఒక్క వదంతి చాలును. ఆకలి ఎండుగడ్డి వంటిది; అన్యాయము నిప్పురవ్వ. గడ్డి యున్నంత మాత్రమున మంట పుట్టదు. కాని గడ్డివామి ప్రక్కన నిప్పుతో చెలగాటమాడువాని తెలివిని ఎవరును మెచ్చుకొనరు.

అల్లరివలన న్యాయము చేకూరునని మా అభిప్రాయము కాదు. అల్లరి గుడ్డిది. 1998 మే మాసమున ఇండొనీసియా ప్రభుత్వము ఇంధనపు ధరలు పెంచిన పిమ్మట, విద్యార్థులు కొందరు తుపాకి గుండ్లకు బలియైరి. అంతట జకార్తా నగరమున రేగిన దొమ్ములలో జనుల ఆగ్రహము పాలకులను విడిచి చీనా జాతి వర్తకులపైకి మళ్లెను. వేయిమందికి మించి మరణించిరి. వారిలో పెక్కురు, తగులబడుచున్న అంగళ్ల భవనములలో చిక్కుకొన్న బీదలే. సుహార్తో మే 21 న దిగిపోయెను. కాని కాలిన యిండ్లు, పోయిన మానములు, ప్రాణములు తిరిగి రాలేదు. నగరపు అలజడిలో మొదట నష్టపోవునది బీదవాని బస్తీయే, చిన్నవాని దుకాణమే. కనుకనే దానిని రాకమునుపే నివారింపవలెను.

నివారణ యనగనే లాఠీని తలచువారు కలరు. లాఠీ ఒక దినపు గుంపును చెదరగొట్టును గాని, ఒక పూట అన్నము పెట్టదు. వీధిని ఖాళీచేసిన పాలకుడు కారణమును ఖాళీచేసినట్లు కాదు. ఆకలి మొర వీధికెక్కక మునుపే చేరదగిన ద్వారము తెరచియుంచుటయే రాజనీతి. మన దేశమున ఇట్టి ద్వారము తెరువబడిన సందర్భము లేకపోలేదు. 2001 లో ప్రభుత్వపు గిడ్డంగులలో ధాన్యము నిండి మ్రగ్గుచుండగా, రాజస్థానమున కరవువాతబడినవారు పస్తులుండిరి. అప్పుడు పౌరహక్కుల సంఘమువారు కొట్లు పగులగొట్టుమని జనులను ప్రేరేపింపలేదు, సుప్రీముకోర్టు నాశ్రయించిరి. ఆ వ్యాజ్యములో అదే సంవత్సరము నవంబరు 28 న బడిపిల్లలకు వండిన భోజనము పెట్టవలెనను ఉత్తరువు వెడలెను. తిండి అన్నది భిక్ష కాదు, హక్కు అను భావము బలపడి 2013 లో ఆహారభద్రత చట్టముగా రూపొందెను. అంతకు 30 సంవత్సరముల మునుపే, 1983 లో అధికారమునకు వచ్చిన రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యమును ఆంధ్రదేశపు బీదల ఇంట చేర్చెను. ఖర్చు ఎక్కువ యని ఆనాడు ఆక్షేపించినవారు కలరు. అల్లరి జరిగిన పిమ్మట అయ్యెడి ఖర్చును వారు లెక్కింపలేదు.

అయినను ఈ రక్షణ నగరములలో నేటికిని పలుచనిది. 2005 నాటి గ్రామీణ ఉపాధి చట్టము పల్లెకూలికి పని అడుగు హక్కును ఇచ్చెను; పట్టణపు కూలికి దేశవ్యాప్తముగా అట్టి చట్టమును పార్లమెంటు ఏనాడును చేయలేదు. ఆహారభద్రత చట్టము పల్లెలలో నూటికి 75 మంది వరకును, పట్టణములలో నూటికి 50 మంది వరకును మాత్రమే వర్తించును. అదియును 2011 జనాభా లెక్కల ననుసరించి నిర్ణయించిన సంఖ్య. ఆ పిమ్మట పల్లె విడిచి నగరమునకు వచ్చిన తాపీపనివాడు, మూటలు మోయువాడు, ఇంటిపని చేయు స్త్రీ, బండిపై భోజనములు చేర్చు యువకుడు—వీరిలో ఎందరికి చీటి కలదు? ఎందరి చీటి స్వగ్రామమునందే యుండిపోయినది? ఏ రాష్ట్రపు చీటియైనను ఏ దుకాణమునందైనను చెల్లు ఏర్పాటు చేసిరి, మంచిదే. కాని చీటియే లేనివానికి ఆ ఏర్పాటుతో పని యేమి?

కాబట్టి ప్రభుత్వమువారిని మేము కోరునవి కొలదియే. నగరములందలి కూలిజనమును ఇల్లిల్లు తిరిగి లెక్కించి చీటీలు ఇయ్యవలెను. ధాన్యపు నిల్వల లెక్కను జిల్లావారీగా ప్రతి పక్షమునకు ప్రకటింపవలెను. లెక్క దాచినచోటనే వదంతి పుట్టును. ఆహారపదార్థముల ధరను, ఇంధనపు ధరను ఒక్క రాత్రిలో పెంచు పద్ధతిని విడువవలెను. పనులు నిలిచిన కాలమున పట్టణపు కూలికి ప్రజోపయోగమైన పని చూపవలెను. కోతలు తప్పనపుడు అవి మంత్రుల యిండ్లనుండి, పెద్దల రాయితీలనుండి మొదలు కావలెను.

ఇక మన పాఠకులలోని భూవసతి గలవారికిని, పట్టణపు గృహస్థులకును రెండు మాటలు. రైతు తన పంటకు గిట్టుబాటు ధర కోరుట న్యాయమే. దానిని మేము ఎన్నడును కాదనము. కాని కళ్లమునందు రైతునకు ముట్టిన ధరకును, అంగడిలో కూలి యిచ్చు ధరకును నడుమ నున్న అగాధమున ఎవరు నిలిచియున్నారో విచారింపుడు. ధర యింకను పెరుగునని గాదెకు తాళము వేయువాడు తన ధాన్యమునే కాక ఊరి శాంతిని కూడ పణమొడ్డుచున్నాడు. ఇంట పనిచేయు మనిషి కూలి, బియ్యపు ధరతోబాటు పెరిగినదా లేదా యని ప్రతి గృహస్థుడును తన పద్దుపుస్తకమును తెరచి చూచుకొనవలెను. చందాలు పోగుచేసి ఒక దినము అన్నదానము చేయుట పుణ్యమే. ఏడాది పొడుగున న్యాయమైన కూలి యిచ్చుట అంతకన్న గొప్ప పుణ్యము.

ఆర్థిక దుఃస్థితి నగరములలో అలజడి పుట్టించునా యని అడుగువారికి మా సమాధానమిది. ఆకలి మాత్రమే యైనచో పుట్టింపకపోవచ్చును. ఆకలిగొన్నవారు మౌనముగ మరణింపవచ్చును, లేదా నడచి పోవచ్చును. అట్టి మౌనముపై నిలిచిన శాంతిని కోరదగిన శాంతి యని ఏ నాగరకుడును అనజాలడు. ఆకలికి అన్యాయము తోడైనచో అలజడి తప్పదు. ఆకలిని ఒక్క దినములో రూపుమాపుట ఎవరి తరమును కాదు. అన్యాయమును ఈ దినముననే తగ్గించుట మాత్రము పాలకుల చేతిలోను, మన చేతిలోను కలదు. ఆ పనికి అల్లరి జరుగువరకు ఎదురుచూడవలసిన అవసరము లేదు.