ఎఱ్ఱమంచి కార్ఖానా: వాకిలి చాలునా, మెట్లు వలదా?

పెనుగొండ కోటకు సమీపమున, హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు జాతీయ రహదారి ప్రక్కన, ఎఱ్ఱమంచి యను గ్రామము కలదు. పదేండ్ల క్రిందట ఆ పేరు ఆ చుట్టుపట్ల దాటినవారికి తెలియదు. కొరియా దేశపు కియా మోటారు కంపెనీవారు 2017 ఏప్రిలు 27వ తేదీన రాష్ట్ర ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, సుమారు 536 ఎకరముల నేలలో, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో అచట కార్ల కార్ఖానాను కట్టిరి. ఏటికి 3 లక్షల కార్లు చేయు శక్తితో నిర్మింపబడిన ఆ కార్ఖానా 2019 డిసెంబరు 5వ తేదీన లాంఛనముగా ప్రారంభమైనది. 2023 జూలై నెలలో పదిలక్షలవ కారు దాని వాకిలి దాటి వెలుపలికి వచ్చినది.

ఈ కార్ఖానా వచ్చినందుకు మేము సంతోషించితిమి, నేడును సంతోషించుచున్నాము. మా సీమలో ఏడాదికి కురియు వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతమున మాత్రమే. వేరుసెనగ విత్తి ఆకసమువైపు చూచుట, పండని యేడు బెంగుళూరునకో కేరళమునకో కూలికి పోవుట, ఇదియే మా రైతుల పంచాంగమైనది. అట్టి నేలమీద, ఆషాఢమున మేఘము ముఖము చాటుచేసినను ఆగని పని యొకటి వెలసినది. 2022 ఏప్రిలులో జిల్లా రెండుగా చీలి, పెనుగొండ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. కాని కఱవునకు జిల్లా సరిహద్దులు తెలియవు గనుక మేము ఈ మెట్టభూమి నంతయు అనంతపురము సీమ యనియే వ్రాయుచున్నాము. కార్ఖానాకు నేల నిచ్చినది ఈ సీమ. గొల్లపల్లి జలాశయమునుండి నీరిచ్చుచున్నది ఈ సీమ. కఱవుసీమలో ఒకరికి నీరిచ్చుట యనగా నేమో మా పాఠకులకు వివరింప నక్కఱలేదు. ఇచ్చినవారము గనుక, మాకు వచ్చుచున్నదేమి యని అడుగుటకు మాకు హక్కు కలదు.

పఠనమందిరమున పత్రిక విప్పినను, పెండ్లిచూపులకు పోయినను, నేడు వినవచ్చు మాట ఒక్కటే: “అబ్బాయి కియాలో చేరినాడు.” ఆ మాట వినగానే సంబంధములు కుదురుచున్నవి, అప్పు లిచ్చినవారు గడువు పెంచుచున్నారు. కాని “ఏ పనిలో చేరినాడు? ఎంతకాలమునకు? అయిదేండ్లకు ఎక్కడ నుండును?” అని అడుగువారు అరుదు. వాకిలి దాటుట ఒక సంగతి, లోపలి మెట్లెక్కుట మఱియొక సంగతి. ఈ రెంటికిగల భేదమును మా యువకులును, వారి తల్లిదండ్రులును, ప్రభుత్వమువారును గుర్తింపవలయునని చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఏ దేశపు కంపెనీ యైనను సరే, నేటి పెద్ద కార్ఖానాలకు సామాన్యముగా నాలుగు వాకిళ్లుండును. మొదటిది ఇంజనీరింగు పట్టభద్రులను కళాశాలలలోనే పరీక్షించి శిక్షణ ఇంజనీర్లుగా తీసికొను వాకిలి. ఇందు ప్రవేశించినవారికి పై పదవులకు దారి యుండును. రెండవది డిప్లొమా, ఐ.టి.ఐ. చదివినవారిని యంత్రములయొద్ద నియమించు వాకిలి. మూడవది అప్రెంటిసుల వాకిలి. నాల్గవది కంట్రాక్టరు తెచ్చి నిలిపినవారి వాకిలి. ఉదయమున బస్సు దిగునపుడు చూచినవారికి అందఱును ఒక్కటిగానే కనబడుదురు. కాని నలుగురి భవిష్యత్తు నాలుగు విధములు. మొదటి వాకిట ప్రవేశింపవలసిన పట్టభద్రుడు, ఉద్యోగము దొరకుటయే మహాభాగ్యమని, మూడవ వాకిటనో నాల్గవ వాకిటనో ప్రవేశించినచో, ఆతని నాలుగేండ్ల చదువునకు విలువ యేమి? ఆ చదువునకై తండ్రి తాకట్టుపెట్టిన నేలకు విలువ యేమి?

ఈ విషయమున చట్ట మేమి చెప్పుచున్నదో మా యువకులు తెలిసికొనుట అవసరము. 1961వ సంవత్సరపు అప్రెంటిసుల చట్టము 18వ సెక్షను ప్రకారము అప్రెంటిసు శిక్షణార్థియే గాని పనివాడు కాడు. కార్మిక చట్టములు ఆతనికి వర్తింపవు. 22వ సెక్షను ప్రకారము, ఒప్పందములో వ్రాసికొన్ననే తప్ప, శిక్షణ ముగిసినపిమ్మట ఆతనికి ఉద్యోగ మీయవలసిన విధి యజమానికి లేదు. శిక్షణ మంచిదే. పని నేర్చుకొనుట కెవ్వరును సిగ్గుపడనక్కఱలేదు. కాని ఏడాది శిక్షణను ఉద్యోగమని భ్రమించి, అది ముగిసిననాడు ఇంటికి తిరిగివచ్చి, ఊరివారికి ముఖము చూపలేక తిరుగువారిని మేమెఱుగుదుము. ఆ తప్పు చట్టము చదువనివారిది మాత్రమే కాదు, చదివియు చెప్పనివారిది కూడ. మా న్యాయవాదులును అందులో భాగస్వాములే.

రాష్ట్ర శాసనసభవారు 2019లో, పరిశ్రమలలోని ఉద్యోగములలో నూటికి 75 స్థానికుల కీయవలయునని చట్టము చేసిరి. అర్హులైన స్థానికులు దొరకనిచో మూడు సంవత్సరములలోపల వారికి తర్ఫీదు నీయవలయునని అందు విధించిరి. ఆ చట్టమువెనుక నున్న ఆవేదన మా యందఱి యావేదనయే. అయినను రెండు మాటలు దాపకుండ చెప్పవలసియున్నది. మొదటిది, ఇట్టి 75 పాలు నియమమునే చేసిన హర్యానా రాష్ట్రపు చట్టమును 2023 నవంబరు 17వ తేదీన పంజాబు హర్యానా హైకోర్టువారు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసిరి. కావున అట్టి చట్టమునే నమ్ముకొని కూర్చుండుట ఇసుకపై ఇల్లు కట్టుట వంటిది. రెండవది అంతకంటె ముఖ్యము. నూటికి 75 అను లెక్క వాకిటియొద్ద తలలను లెక్కించునే గాని, ఏ తల ఏ మెట్టుమీద నున్నదో చెప్పదు. తోటమాలిని, కాపలావానిని, యంత్రశిల్పిని ఆ లెక్క ఒక్కటిగానే చూచును. క్రింది మెట్టంతయు మనవారితో నిండి, పై మెట్టున మనవాడొక్కడును లేకున్నను ఆ లెక్క సరిపోవును.

ఇచ్చట మన జాతీయోద్యమ చరిత్రను ఒకమాఱు జ్ఞప్తికి తెచ్చికొందము. బ్రిటిషు దొరతనమున భారతీయులకు కొలువులు లేకపోలేదు. తాలూకా కచేరీలు, తపాలా కచేరీలు, రైలు స్టేషనులు మనవారితోనే నిండియుండెను. అయినను 1885లో సమావేశమైన తొలి కాంగ్రెసు సభవారు సివిలు సర్వీసు పరీక్షను ఇంగ్లాండులోవలెనే ఇండియాలోను జరుపవలయునని కోరిరి. ఆ కోర్కె నెఱవేరుటకు 1922 వఱకు పట్టినది. 1924లో లీ కమిషనువారు, పదునైదు సంవత్సరములలో ఆ సర్వీసున సగము మంది భారతీయులు కావలయునని చెప్పిరి. మన పెద్దలు అడిగినది గుమాస్తాల సంఖ్య పెంచుమని కాదు. పై మెట్లకు దారి తెఱువుమని. కియా కంపెనీవారు మనకు దొరలు కారు. మన యాహ్వానముపై, మన చట్టములకు లోబడి వచ్చిన వర్తకులు. కావున ఈ పోలిక వారిని నిందించుటకు గాదు. ఉద్యోగములను ఏ కొలతతో కొలువవలయునో మనము మఱువకుండుటకు మాత్రమే.

అంతేకాదు, ఈ కొలత కొరియావారికి క్రొత్తదియు గాదు. కియా 1944లో చిన్న కార్ఖానాగా పుట్టి, సైకిలు విడిభాగములు చేసినది. 1997లో దివాలాస్థితికి వచ్చి, మఱుసటి యేడు హ్యుందాయివారి వశమైనది. ఆ హ్యుందాయివారు 1975లో ‘పోనీ’ యను తమ తొలి స్వదేశీ కారును తయారుచేయ బూనినపుడు, పనిని నడపుటకు ఇంగ్లాండునుండి ఇంజనీరును రప్పించిరి. కారు రూపమును ఇటలీవారిచేత గీయించిరి. ఇంజనును జపానులోని మిత్సుబిషివారియొద్ద పుచ్చుకొనిరి. కాని ఎల్లకాలము శిష్యులుగా నుండిపోలేదు. 1991 నాటికి తమ ఇంజనును తామే రూపొందించుకొనిరి. పదునాఱేండ్లలో శిష్యులు గురువులైరి. తాము ఎక్కివచ్చిన మెట్లనే మాకును చూపుడని అడిగినచో, ఆ దేశమువారు తప్పుగా తలతురని మేము నమ్మము. హైదరాబాదులో ఆ సమూహమువారికి వాహనముల పరిశోధనకు, రూపకల్పనకు కేంద్రము కలదు. అనగా పై మెట్లు తెలుగునేలమీదనే యున్నవి. ఎఱ్ఱమంచిలో బోల్టు బిగించిన చేయి ఆ కేంద్రమునకు చేరుటకు దారి యున్నదా యన్నదే మా ప్రశ్న.

“ఇట్టి ప్రశ్నలడిగినచో కంపెనీ లేచిపోవును” అని భయపెట్టువారు కలరు. 2020 ఫిబ్రవరిలో కార్ఖానా తమిళనాడునకు తరలిపోవునను వార్త పుట్టినపుడు ఈ సీమయంతయు తల్లడిల్లినది. కంపెనీవారును ప్రభుత్వమువారును దానిని కాదనిరి. కార్ఖానా ఉన్నచోటనే యున్నది. ఇంత పెట్టుబడి పాతిన చెట్టు ఒక ప్రశ్నకు వేళ్లతో పెకలిరాదు. మర్యాదగా అడిగిన ప్రశ్నకు మర్యాదగల సంస్థ సమాధానమిచ్చును. అడుగకుండుట వినయము కాదు, అలసత్వము.

మఱి మన లోపములను కూడ ఒప్పుకొనవలయును గదా. “మీ పట్టభద్రులకు పట్టా యున్నది, పని రాదు” అను మాట కంపెనీలవారు దేశమంతట అనుచున్నారు. అది పూర్తిగా అబద్ధమని మేము చెప్పజాలము. 1946లో స్థాపింపబడిన మన ఇంజనీరింగు కళాశాల, 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు మూలస్థానము. అంతటి చరిత్రగల చోట చుట్టును వెలసిన కళాశాలలలో, యంత్రమును పటములో తప్ప చూడని విద్యార్థి యంత్రశాస్త్రమున పట్టభద్రుడగుచున్నచో, ఆ దోషము కొరియావారిది కాదు. కళాశాలకును కార్ఖానాకును నడుమ ఉన్నది కొన్ని గంటల బస్సు ప్రయాణము. ఆ దారిని ఏడాదికొకమాఱు విహారయాత్రకు గాక, ప్రతి విద్యార్థియు ఒక అర్ధసంవత్సరము పని నేర్చుకొనుటకు వాడవలయును. కొరియా భాషను నేర్పు తరగతి యొకటి ప్రతి పెద్ద కళాశాలలోను పెట్టవలయును. మేస్త్రీ మాట తెలిసినవాడు పని చేయును. ముఖ్య ఇంజనీరు మాట తెలిసినవాడు పని చేయించును.

కావున మేము ముగ్గురిని మూడు కోర్కెలు కోరుచున్నాము. కంపెనీవారు ఏటేట ఒక చిన్న పట్టిక ప్రకటింతురుగాక: ఏ వాకిట ఎంతమందిని తీసికొనిరి, అందు ఈ సీమవారెందఱు, మూడేండ్ల క్రిందట చేరినవారిలో పై మెట్టునకు పోయినవారెందఱు, విడిచిపోయినవారెందఱు. ఆ పట్టికకు ఒక్క కాగితము చాలును. ప్రభుత్వమువారు ఇకముందు ఏ కంపెనీకి రాయితీ లిచ్చినను, తలల లెక్కను గాక ఈ మెట్ల లెక్కను ఒడంబడికలో వ్రాయింతురుగాక. విశ్వవిద్యాలయమువారు తమ పట్టభద్రులెచ్చట చేరిరో చెప్పుటతో తృప్తిపడక, అయిదేండ్లకు ఎచ్చట నున్నారో విచారించి చెప్పుదురుగాక.

యువకులకు మా మనవి యొకటి. సంతకము చేయకముందు కాగితము చదువుడు. 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చిన క్రొత్త కార్మిక స్మృతుల ప్రకారము ప్రతి పనివానికిని నియామక పత్ర మీయవలయును. నియతకాలమునకు తీసికొన్నవారు ఒక యేడు పనిచేసిన గ్రాట్యుటీకి అర్హులగుదురు. ఆ పత్రమున అయిదు సంగతులు వెదకుడు: యజమాని కంపెనీయా, కంట్రాక్టరా? మీరు శిక్షణార్థులా, ఉద్యోగులా? కాల మెంత? పరిశీలనకాలము ముగిసినపిమ్మట పై పదవి యేది, దానికి పరీక్ష యేది? నడుమ విడిచినచో చెల్లింపవలసిన బాండు ఎంత? ఈ చివరిదానిని తేలికగా తలపకుడు. మూడేండ్లు నిండకముందు విడిచిన ఉద్యోగి 2 లక్షల రూపాయలు చెల్లింపవలయునని ఒక ప్రభుత్వ బ్యాంకు పెట్టిన షరతు చెల్లునని 2025 మే నెలలో సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పిరి. చదువక సంతకము చేసినవానిని ఏ న్యాయవాదియు రక్షింపలేడు.

స్వదేశీయ మనగా పరదేశపు పెట్టుబడిని వాకిటనుండి తఱిమివేయుట కాదు. మన యింటికి వచ్చిన విద్యను మన బిడ్డలు పూర్తిగా నేర్చుకొనుట. ఎఱ్ఱమంచిలో పుట్టిన కారు దేశమంతట తిరుగుచున్నది, సముద్రములు దాటుచున్నది. ఆ కారును చేయుటయే గాక, గీయుటయు, ఆ కార్ఖానాను నడుపుటయు నేర్చినవాడు ఈ కఱవుసీమ బిడ్డడైననాడు, మేమిచ్చిన నేలకును నీటికిని తగిన ప్రతిఫలము దక్కినట్లు. అంతవఱకు వాకిలి తెఱచినందుకు కృతజ్ఞులము. మెట్లు చూపుడని అడుగుచునే యుందుము.