అంగడి అందరిదీ, పై అంతస్తు ఎవరిది?

తిరుపతి గాంధీరోడ్డులోని హథీరాంజీ మఠం పాత భవనాన్ని కూల్చాలన్న ప్రతిపాదన 2025లో వివాదంగా మారినప్పుడు ప్రధానంగా రెండు గొంతులు వినిపించాయి. భవనం శిథిలావస్థకు చేరిందని, ప్రాణాపాయం ఉన్నదని యంత్రాంగం వాదన. అది తమ ఆరాధ్యుడు హథీరాం బావాజీ స్మృతిచిహ్నమని, దానిని తాకనివ్వబోమని బంజారా సంఘాల వాదన. తిరుమల ఆలయ నిర్వహణ 1843 నుంచి 1933 వరకు ఈ మఠం చేతిలోనే ఉన్నది. ఈస్టిండియా కంపెనీ అప్పగించిన ఆ బాధ్యత దేవస్థానం ఏర్పడేవరకు మహంతుల వద్ద కొనసాగింది. రాష్ట్రంలో షెడ్యూల్డు తెగగా ఉన్న ఒక సమూహం, ఈ పట్టణ చరిత్ర నడిబొడ్డున తనకూ ఒక చోటు ఉన్నదని చెప్పుకోగలిగే కొద్ది ఆనవాళ్లలో అదొకటి. కనుక వారి ఆవేదనను కేవలం భక్తి వ్యవహారంగా కొట్టిపారేయలేము.

అయితే నా దృష్టి ఆ వీధినే నమ్ముకొని బతుకుతున్న మూడో వర్గంపై ఉన్నది. అద్దె దుకాణదారు, అతని వద్ద పనిచేసే కుర్రాడు, దుకాణం మెట్ల పక్కన పూలబుట్ట పెట్టుకున్న స్త్రీ. పాత బజారును తిరగగట్టాలన్న ఆలోచన ఎక్కడ మొదలైనా ముందుగా వినిపించవలసిన గొంతు వీరిది. వినిపించేది మాత్రం చివరన, అదీ కూల్చివేత యంత్రం వచ్చి నిలిచిన తర్వాత.

ఒక్క భవనం సంగతి కాదిది. పాత అంగళ్ల వీధిని కూల్చి, కింద దుకాణాలు, పైన నాలుగైదు అంతస్తుల ఇళ్లు కట్టే నమూనా మన పురపాలికలకు ఎంతో ఆకర్షణీయంగా కనిపిస్తున్నది. పట్టణం మధ్యలో ఖాళీ స్థలం లేదు, భూమి విలువ పెరిగింది, పురపాలక ఖజానా వట్టిపోయింది. తిరుపతి 2016లో స్మార్ట్ సిటీ జాబితాలో చేరిన నాటి నుంచి పట్టణ రూపాన్ని మార్చడమే అభివృద్ధి అన్న భాష స్థిరపడింది. చిత్తూరు హైరోడ్డు, బజారు వీధి విస్తరణ గురించి మాట్లాడినప్పుడూ అదే భాష. దానికి ఎదురుగా స్థానికులు లేవనెత్తే అభ్యంతరాలు కూడా చాలావరకు ఒకే మూసలో ఉంటాయి: వాహనాల రద్దీ, నీటి ఎద్దడి, మురుగు కాలువ, గాలీవెలుతురూ. ఇవన్నీ నిజమైన సమస్యలే. కానీ 'స్థానికులు' అనే మాట వెనుక ఎవరెవరున్నారో విప్పిచూడకపోతే ఈ చర్చ ఇంజనీర్లకూ గుత్తేదారులకూ మధ్య బేరంగా మిగిలిపోతుంది.

పాత బజారులో ఒకే చిరునామాకు కనీసం మూడు హక్కులు ఉంటాయి. స్థలం పట్టా ఒకరిది. దుకాణం అద్దెకు తీసుకొని నడిపేది మరొకరు. దుకాణం ముందు మూడడుగుల జాగాలో బతికేది ఇంకొకరు. మన పట్టణాలలో ఈ మూడు పొరలు కులాల నిచ్చెనతో దాదాపుగా కలిసిపోతాయి. ఆలయం చుట్టూ, పెద్దబజారులో స్థలాలు ఎక్కువగా మఠాలవి, దేవాదాయ శాఖవి, కొన్ని పాత వర్తక, భూస్వామ్య కుటుంబాలవి. అద్దెదారులలో వెనుకబడిన కులాలవారు, ముస్లింలు గణనీయంగా ఉంటారు. చెప్పులు కుట్టేవారు, బుట్టలు అల్లేవారు, పూలు, ఆకుకూరలు అమ్మే స్త్రీలు, మూటలు మోసేవారు చివరి పొర. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభాలో షెడ్యూల్డు కులాల వాటా సుమారు 19 శాతం. గాంధీరోడ్డు, బజారు వీధుల పట్టాలలో ఆ వాటా ఎంత అని అడిగిన అధికారిక సర్వే ఏదీ నా కంటబడలేదు. అడగకపోవడమే ఒక విధానం.

పరిహారం ఈ మూడు పొరలను ఎలా చూస్తుందో గమనించాలి. తిరుపతిలో మాస్టర్ ప్లాన్ రోడ్ల కోసం స్థలాలు తీసుకున్నప్పుడు నగదుకు బదులు టీడీఆర్ బాండ్లు ఇచ్చారు. వాటి జారీలో అక్రమాలు జరిగాయన్న ఆరోపణలు రాజకీయ వేదికలపై హోరెత్తాయి. ఆ ఆరోపణల నిగ్గు తేలవలసిందే. కానీ ఏ పక్షమూ అడగని ప్రశ్న ఒకటున్నది. బాండు సక్రమంగానే ఇచ్చారనుకుందాం, అది ఎవరి చేతికి వెళ్లింది? స్థలం యజమాని చేతికి. ఆ స్థలంలో ఇరవై ఏళ్లు సైకిల్ దుకాణం నడిపిన అద్దెదారుకు అందులో పైసా లేదు. 2013 నాటి భూసేకరణ చట్టం 'ప్రభావిత కుటుంబం' నిర్వచనంలో భూమి లేని అద్దెదారులను, చేతివృత్తులవారిని, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంపైనే ఆధారపడి బతికినవారిని స్పష్టంగా చేర్చింది. సామాజిక ప్రభావ మదింపు జరగాలన్నది. అయితే యజమాని 'అంగీకారం'తో బాండు ఇచ్చి స్థలం తీసుకుంటే అది సేకరణ కిందికి రాదు. సేకరణ కాకపోతే ప్రభావిత కుటుంబమూ లేదు, మదింపూ లేదు. అంగీకారం అనే సౌమ్యమైన మాట కింది రెండు పొరలనూ ఒక్క దెబ్బతో చట్టం పరిధి నుంచి తప్పించింది. పునర్నిర్మాణ పథకాలు కూడా ఈ దారినే నడుస్తాయని అనుకోవడానికి కావలసినంత ఆధారం ఉన్నది. యజమానికి పై అంతస్తులో రెండు ఫ్లాట్లు, కట్టేవాడికి మిగిలినవి, అద్దెదారుకు ఖాళీ చేయమన్న నోటీసు.

చివరి పొరకు ఒక చట్టం ఉన్నది. 2014 నాటి వీధి వర్తకుల చట్టం ప్రకారం పట్టణ జనాభాలో 2.5 శాతం వరకు వర్తకులకు చోటు కల్పించాలి. ఆ లెక్కన తిరుపతిలో ఏడు వేలకు పైగా, చిత్తూరులో దాదాపు నాలుగు వేల మందికి అవకాశం ఉండాలి. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వర్తక ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. తరలించాలంటే 30 రోజుల నోటీసు తప్పనిసరి. యాభై ఏళ్లు దాటిన సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడి వర్తకులను కదిలించరాదని కూడా ఆ చట్టపు రెండో షెడ్యూలు చెబుతున్నది. గోవిందరాజస్వామి ఆలయ పరిసరాల్లోని పూల, పండ్ల వర్తకం వయసు యాభై ఏళ్లేనా? ఈ ఒక్క నిబంధనను పట్టుకొని నిలబడితే చాలా పథకాల నమూనా మారిపోతుంది. విద్యార్థి సంఘాలు ఈ షెడ్యూలును ఒకసారి చదవాలని నా విన్నపం.

దీనికి కొండపైనే ఒక పూర్వానుభవం ఉన్నది. తిరుమల మాడ వీధులలో, ఆలయం ఎదుటి సన్నిధి వీధిలో తరాలుగా కింద అంగడి, వెనుక ఇల్లుగా బతికిన కుటుంబాలను మాస్టర్ ప్లాన్ పేరిట ఖాళీ చేయించారు. వేయికాళ్ల మండపాన్ని 2003లో తొలగించారు. మండపం కోసం చరిత్రకారులు, భక్తులు, పీఠాధిపతులు మాట్లాడారు, న్యాయస్థానాలదాకా వెళ్లారు. నేటికీ దాని పునర్నిర్మాణం ప్రస్తావన వస్తూనే ఉంటుంది. రాయికి దక్కిన ఈ శ్రద్ధ ఆ వీధుల్లో పట్టా లేకుండా పనిచేసినవారికి దక్కలేదు. ఇల్లు ఉన్నవారికి బాలాజీనగర్‌లోనో, కొండ కిందనో ఏదో ఒక ప్రత్యామ్నాయం చూపారు. ఇల్లే లేనివారికి చూపడానికి లెక్కలో పేరు ఉండాలి కదా.

ఇక పై అంతస్తుల సంగతి. నేను ఎక్కువగా ఆందోళన పడేది ఇక్కడే. రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలలో, హోటళ్లలో, బావులు, చెరువులు, రోడ్ల వద్ద కులం, మతం పేరిట ఎవరినీ అడ్డుకోరాదన్నది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో ఈ అధికరణంపై చర్చకు బదులిస్తూ 'దుకాణం' అన్న మాటను విశాలార్థంలో వాడామని, రుసుముకు సేవలందించే ఎవరికైనా అది వర్తిస్తుందని అంబేడ్కర్ వివరించారు. అంగడి వీధిని ఆయన ఎందుకంత పట్టుదలగా అధికరణంలో ఉంచారో కులం అనుభవించినవారికి చెప్పనక్కరలేదు. మన ఊళ్లలో అగ్రహారానికి గేటు ఉన్నది, వాడకు పొలిమేర ఉన్నది. ఎన్ని అవమానాలతోనైనా అన్ని కులాల పాదాలూ పడిన చోటు బజారు మాత్రమే. ఆ వీధిపై ఇప్పుడు నివాసాలు లేస్తాయి. కింద దుకాణంలోకి ఎవరైనా వెళ్లవచ్చు. లిఫ్టు ఎక్కి పైన ఇల్లు అడిగితే?

జవాబు మనకు తెలియనిది కాదు. 'శాకాహారులకు మాత్రమే' అన్న టులెట్ బోర్డు తిరుపతి వీధుల్లో వింతేమీ కాదు. ఆలయ పట్టణం అన్న సాకు ఆ బోర్డుకు మరింత గౌరవం తెచ్చిపెడుతున్నది. సుఖదేవ్ థోరట్ బృందం 2015లో ప్రచురించిన ఢిల్లీ పరిసర నగరాల అధ్యయనం, పేరు చూసి దళితులకు, ముస్లింలకు అద్దె ఇల్లు నిరాకరించడం లేదా అదనపు షరతులు విధించడం ఎంత మామూలుగా జరుగుతున్నదో నమోదు చేసింది. 2005లో జొరాస్ట్రియన్ గృహనిర్మాణ సహకార సంఘం కేసులో సుప్రీంకోర్టు, ఒక సమూహం తనవారికే సభ్యత్వం పరిమితం చేసుకోవచ్చన్నది. ప్రభుత్వ స్థలంలో, ప్రభుత్వ అనుమతితో, బజారును కూల్చి కట్టిన భవనంపైనా ఆ నీడే పడాలా?

ఇక్కడ స్థానికుల అభ్యంతరాలను కూడా నిలదీయక తప్పదు. 'పైన ఇళ్లు వస్తే ఎవరెవరో వస్తారు' అన్న మాటలో రద్దీ భయం ఎంత, కులభయం ఎంత? అమరావతిలో పేదలకు ఇళ్ల స్థలాలు ఇస్తామన్నప్పుడు జనాభా సమతుల్యత దెబ్బతింటుందని కోర్టులో వాదించారని నాటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి పదేపదే విమర్శించారు. ఆ పథకంలో రాజకీయ లెక్కలు ఉండవచ్చు, న్యాయపరమైన చిక్కులూ ఉన్నాయి. అయినా పేదల పొరుగు మీద అభ్యంతరం ఒక సభ్యమైన పరిభాషను వెతుక్కోగలదన్నది అక్కడ బయటపడింది. పట్టణం నడిబొడ్డున పేదలకు ఇల్లు ఉండరాదన్నది పాలకుల అలవాటు కూడా. తిరుపతి పేదల కోసం టిడ్కో ఇళ్లు లేచింది రేణిగుంట దాటి, ఏర్పేడు మండలంలోని వికృతమాల వద్ద. తెల్లవారుజామున పూలు కొని, కట్టి, గుడి తలుపులు తీసేలోగా అమ్మవలసిన మనిషికి అక్కడి నుంచి బజారు ఎంత దూరమో ప్రణాళిక రాసినవారు ఆలోచించి ఉండరు. కనుక బజారుపైన ఇళ్లు వద్దనడం నా వాదన కాదు. పని చేసే చోటే ఇల్లు ఉండడం ఆ పూలమ్మికి అందరికంటే ఎక్కువ అవసరం.

ముంబయిలో భేండీ బజారును పునర్నిర్మిస్తున్న ట్రస్టు పాత అద్దెదారులకు, దుకాణదారులకు అక్కడే సొంత హక్కుతో చోటు ఇస్తానన్నది. అద్దెదారుకు బలమైన రక్షణ ఉన్న రాష్ట్రంలో, ఒకే మత సమూహం పట్టు ఉన్న పేటలో అది సాధ్యమైందన్న పరిమితి ఉన్నది. ఆ పక్కనే తెలుగు కూలీల పేరు మోస్తున్న కామాఠీపుర కూడా ఇప్పుడు పునర్నిర్మాణ జాబితాలో ఉన్నది. నగరాన్ని కట్టిన కామాఠీల వారసులకు అందులో ఎన్ని గదులు దక్కుతాయో చూడాలి.

దుకాణాల కేటాయింపులోనూ వివక్ష చట్టబద్ధమైన వేషంలో రాగలదు. ఆలయ ఆస్తుల్లోని దుకాణాల వేలంలో హిందూయేతరులు పాల్గొనరాదని 2015లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 426 ఇచ్చింది. శ్రీశైలం దుకాణదారులు సుప్రీంకోర్టుదాకా వెళ్లాక, మతం కారణంగా వేలం నుంచి ఎవరినీ మినహాయించరాదని 2021 డిసెంబరులో ఆ కోర్టు స్పష్టం చేసింది. శ్రీకాళహస్తి, కాణిపాకం, తిరుపతిలలో ఆలయాల చుట్టూ ఏ బజారు కొత్తగా కట్టినా ఈ ఉత్తర్వు గుర్తుండాలి.

కాబట్టి గాంధీరోడ్డులో కానీ, చిత్తూరు బజారు వీధిలో కానీ ఒక్క గోడ కూల్చకముందు పురపాలక సంఘం ఆ వీధిలో పొరలవారీగా, కులాలవారీగా సర్వే చేసి జాబితాను తెలుగులో గోడకు అంటించాలి. బాండు పద్ధతిలో స్థలం తీసుకున్నా భూసేకరణ చట్టంలోని ప్రభావిత కుటుంబ నిర్వచనాన్నే వర్తింపజేయాలి. పై అంతస్తుల ఇళ్లలో ఎస్సీ, ఎస్టీలకు, ఆ వీధి శ్రామికులకు వాటా నిర్ణయించాలి, ఆహారం, కులం, మతం పేరిట ఇల్లు నిరాకరిస్తే భవన అనుమతి రద్దవుతుందని అనుమతి పత్రంలోనే రాయాలి. విక్రయ కమిటీ తీర్మానం లేనిదే తరలింపు నోటీసు చెల్లదని కౌన్సిల్ ప్రకటించాలి. వీటిలో చాలావాటికి కొత్త చట్టం అక్కరలేదు, కౌన్సిల్ సమావేశంలో ఒక తీర్మానం చాలు. ఆ తీర్మానాన్ని ప్రవేశపెట్టమని తమ వార్డు కార్పొరేటర్‌ను అడగవలసింది ఆ వీధివాళ్లే. సంతకాల పత్రంపై మొదటి పేరు స్థలం యజమానిది కాకుండా చూసుకుంటే మంచిది.