రాక్షసుల ఆటలోకి తల్లులూ దిగాలి

పోయిన నెల మా జనగామలో ఒక బడి వాళ్ళు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. పేరుకే తల్లిదండ్రులు. వచ్చిన నలభై మందిలో తండ్రులు నలుగురో ఐదుగురో. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "తల్లులు ఫోన్లు పట్టుకుని కూర్చుంటే పిల్లలు ఆటలు పట్టుకుని కూర్చుంటారు. ఇంటికి పోగానే ఆ ఆటలన్నీ తీసెయ్యండి" అన్నాడు. అందరం తలలూపాం. నేనూ ఊపాను. అప్పటికి నా సంచీలోని ఫోన్‌లో మా కోటకి కొత్త ఫిరంగి కడుతున్నారు. సమావేశం అయ్యే లోపు పూర్తి కావాలి.

అవును, నేను ఆడతాను. నలభై ఆరేళ్ళు, బీఏ తెలుగు, ఇద్దరు పిల్లల తల్లిని. నేను ఆడేది క్లాష్ ఆఫ్ క్లాన్స్. ఫిన్లాండ్ దేశంలో హెల్సింకీ నగరంలోని సూపర్‌సెల్ అనే కంపెనీ 2012లో తయారుచేసింది. మరుసటి ఏడు ఆండ్రాయిడ్ ఫోన్లకి వచ్చింది. మనకో ఊరు ఇస్తారు. బంగారం గనులు తవ్వుకోవాలి, గోడలు కట్టుకోవాలి, ఫిరంగులు పెట్టుకోవాలి, గోబ్లిన్లు అనే పచ్చటి మరుగుజ్జు దయ్యాల మీదికి దండెత్తాలి. పోను పోను మన సైన్యంలోకే బ్రహ్మరాక్షసుల్లాంటి వాళ్ళు, అస్థిపంజరాలు, నిప్పు కక్కే డ్రాగన్లు వస్తాయి. ఇదే పోలికతో ఇంకా ఎన్నో ఆటలున్నాయి. బొమ్మలు వేరు, లోపలి లెక్క ఒకటే.

ఈ వయసులో నాకిదేం బుద్ధి అంటే, మా చెల్లె కథ చెప్పాలి.

చెల్లెది భూపాలపల్లి. మరిది సింగరేణిలో పనిచేస్తాడు. వారం వారం షిఫ్టు మారుతుంది కాబట్టి ఇల్లు, పిల్లాడు, చదువు అన్నీ చెల్లె మీదే. పిల్లాడు తొమ్మిదో తరగతి. నేను పేరు చెప్పని ఒక రాక్షసుల ఆట ఆడేవాడు. పోయిన వేసవిలో ఒకరోజు చెల్లె బ్యాంకు ఖాతా చూసుకుంటే 89, 199, మళ్ళీ 89, ఇలా నెల రోజుల్లో 3,840 రూపాయలు పోయినయి. పిన్ నంబరు ఎలా తెలిసిందంటారా? ఆ పిన్ పెట్టి, అమ్మకి డబ్బులు పంపడం నేర్పిందే వాడు.

చెల్లె నాలుగు తగిలించింది. ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసింది. పిల్లాడు ఆ సాయంత్రం బయటికి పోయి రాత్రి పదకొండైనా రాలేదు. రెండో షిఫ్టు దిగి వచ్చిన తండ్రి, కాళ్ళు కూడా కడుక్కోకుండా బండి మీద కాలనీ అంతా తిరిగాడు. ఎవరో దోస్తు ఇంటి డాబా మీద దొరికాడు. దొరికాడు కాబట్టి ఇప్పుడు ఇలా రాస్తున్నాను. ఆ రెండు మూడు గంటలు మా చెల్లె ఫోన్‌లో ఏడ్చిన ఏడుపు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది. తెల్లారి ఆమె అన్న మాట ఒకటే. "అక్కా, వాడు దేనికి కట్టిండో కూడా నాకు తెల్వదే. తెలిస్తే కొట్టక ముందు అడుగుదును గదా."

మైకు పట్టుకున్న పెద్దమనుషులకి నా జవాబు ఆ మాటలోనే ఉంది. "తీసెయ్యండి" అన్నారు, సరే. ఏం తీసెయ్యాలో, అందులో ఏం జరుగుతుందో తెలియని తల్లి చెయ్యగలిగింది రెండే: కొట్టడం, లేదంటే వదిలెయ్యడం. చెల్లె మొదటిది చేసింది. మా అడ్డా మీద చాలామంది రెండోది చేస్తున్నారు. మూడోది చెయ్యమని ఏ మైకూ చెప్పలేదు: ఆ ఆటలోకి నువ్వే పో, మొదటి ఇటుక నువ్వే పెట్టి చూడు.

నేను పోయాను. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకి నాకు అర్థమైంది చెప్తాను. ఇందులో గురువు మా చెల్లె కొడుకే. వారం పాటు ఎవరితో మాట్లాడని పిల్లాడు, "నాకు ఆట నేర్పరా" అంటే నమ్మలేదు. "పెద్దమ్మా, నిజంగనా?" అని మూడుసార్లు అడిగాడు.

వాడు చెప్పిన మొదటి పాఠం: "జెమ్స్ ముట్టకు." జెమ్స్ అంటే పచ్చ రాళ్ళు. మొదట్లో కొన్ని ఆటే ఇస్తుంది. ఏ కట్టడం మొదలుపెట్టినా పక్కనే ఒక గడియారం తిరుగుతుంది. ఇన్ని రాళ్ళిస్తే ఇప్పుడే అయిపోతుంది అంటుంది. అక్కడ వేలు పెట్టొద్దు. ఆ రాళ్ళన్నీ బిల్డర్ల కోసం దాచుకోవాలి. బిల్డర్ అంటే మన మేస్త్రీ అనుకోండి. ఎంతమంది మేస్త్రీలుంటే ఒకేసారి అన్ని పనులు నడుస్తాయి. మొదట ఇద్దరుంటారు. మూడో మేస్త్రీ గుడిసెకి 500 రాళ్ళు, నాలుగోదానికి 1000, ఐదోదానికి 2000. ఇవి డబ్బు పెట్టి కొనక్కర్లేదు. ఊళ్ళో మొలిచే చెట్లు, పొదలు, బండలు తీసేస్తుంటే ఒకటీ రెండూ దొరుకుతాయి. చెప్పిన పనులు పూర్తి చేస్తే ఇంకొన్ని. వాకిలి ఊడ్చుకుంటే చిల్లర దొరికినట్టు. నాకు మూడో మేస్త్రీ అలాగే వచ్చాడు, నెల మీద పట్టింది.

రెండో పాఠం, టౌన్ హాల్ తొందరపడి పెంచొద్దు. ఊరి నడిమధ్య ఉండే పెద్ద భవంతి అది. పెంచితే కొత్త వస్తువులు వస్తాయి కదా అని అందరూ ముందు దాన్నే పెంచుతారు. చుట్టూ గోడలు, ఫిరంగులు పాతవే ఉంటాయి. అప్పుడు మనకంటే బలమైన వాళ్ళు వచ్చి దోచుకుపోతారు. ఇది వినగానే నాకు మా బంధువుల్లో ఒకరు గుర్తొచ్చారు. అప్పు చేసి రెండంతస్తులు లేపి, కింద మెట్లకి సిమెంటు లేక ఆపేశారు. పేరెందుకులెండి.

మూడోది గోడల గురించి. ఇక్కడ మాత్రం పిల్లాడికి నేనే చెప్పాను. మా పుట్టిల్లు మహబూబాబాద్ దగ్గర. మహబూబాబాద్ పాత పేరు మానుకోట. మ్రాను అంటే చెట్టు. చెట్ల కోట, మ్రానుకోటే మానుకోట అయిందని అంటారు. ఆటలో మొదటి గోడ కూడా అచ్చం అంతే, కట్టె దుంగలు పాతిందే. తర్వాతే రాయి. కాకతీయుల ఓరుగల్లు చూడండి. లోపల రాతి కోట, దానికి 45 బురుజులు, దాని చుట్టూ కందకం, ఆ అవతల మట్టి కోట. గణపతిదేవుడు మొదలుపెడితే కూతురు రుద్రమ పూర్తి చేసింది. శత్రువు ఒక గోడ పగలగొట్టినా రెండోది అడ్డం రావాలి, ఆ లోపు బురుజు మీద వాళ్ళు పని చూసుకోవాలి. ఆటలోనూ అదే సూత్రం. అన్నిటికీ కలిపి ఒకే పెద్ద గోడ కడితే ఒక్క చోట తెగితే చాలు, ఊరంతా పోతుంది. చిన్న చిన్న గదులుగా కట్టాలి, మధ్యలో ధనం పెట్టాలి. "ఎట్ల తెల్సు పెద్దమ్మా?" అన్నాడు. మన జనగామ జిల్లాలోనే ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోట ఉందని, ఆయన 1708లో ఓరుగల్లు మీదే పడ్డాడని చెప్పాను. ఆ గోడలు దాటి ఎట్ల పోయిండు అని అడిగాడు. చరిత్ర పుస్తకం చూసి వాడు ఏనాడూ అడగని ప్రశ్న అది.

అట్లని ఈ ఆటలు చదువు నేర్పుతాయని నేననను. అలా అనేవాళ్ళ మీద నాకు మైకు పెద్దమనిషి మీద ఉన్నంత కోపమే ఉంది. ఇవి దుకాణాలు. చిన్నప్పుడు బాలనాగమ్మ కథ విననిది ఎవరు? మాయల ఫకీరు ఎంత కొట్టినా చావడు, వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఈ ఆటల ప్రాణం ఆ గడియారంలో ఉంది. మొదట్లో అంతా నిమిషాల్లో అయిపోతుంది, మనసు ఎక్కడా ఆగదు. అలవాటు పడ్డాక గంటలు, ఆ తర్వాత ఒక్కో కట్టడానికి రోజులు. సరిగ్గా అప్పుడే పచ్చ రాళ్ళ అంగడి తెరుచుకుంటుంది. ముందు మనకి ఓపిక లేకుండా చేసి, తర్వాత ఆ ఓపికే మనకి అమ్ముతారు.

ఈ మర్మం పద్నాలుగేళ్ళ పిల్లాడి కంటే మనకి తొందరగా తెలుస్తుంది. ఎందుకంటే ఆగడం మన పని. ఇడ్లీ పిండి పొంగే దాకా ఆగుతాం, మిరపకాయలు ఎండే దాకా ఆగుతాం. పెరుగు రాత్రికి రాత్రి తోడుకోవాలంటే 89 రూపాయలు కట్టమని ఎవరైనా అంటే మనం కడతామా? చెల్లె కొడుక్కి ఈ మాటే చెప్పాను. నవ్వాడు. ఆ తర్వాత తనంతట తానే, "పెద్దమ్మా, నేను కట్టింది గుడ్డు పొదగనీకే" అన్నాడు. రాక్షసి గుడ్డు పగలడానికి రెండు రోజులు ఆగలేక కట్టాడట. కొట్టినప్పుడు రాని మాట అది.

చట్టం చూసుకుంటుందిలే అనుకోకండి. మన తెలంగాణ 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆపింది. 2025 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద చట్టం తెచ్చింది. మంచిదే. కానీ ఆ చట్టం ఆపేది డబ్బు పెట్టి డబ్బు గెలుచుకోవాలనుకునే ఆటల్ని. మన పిల్లలు ఆడేవాటిలో గెలిచినా రూపాయి తిరిగి రాదు, పోవడమే ఉంటుంది. కాబట్టి ఇవి చట్టానికి జూదం కాదు. కాపలా ఇంట్లోనే ఉండాలి. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవచ్చు, ఈ రోజే పెట్టండి. పిన్ మార్చండి, మీరే మార్చండి, పిల్లాడి చేత కాదు. క్లాన్ అని ఒక గుంపు ఉంటుంది, ఒకరికొకరు సైనికుల్ని చేబదులు ఇచ్చుకుంటారు. మంచి సరదా. కానీ అక్కడ మాట్లాడేవాళ్ళు ఎవరో మనకి తెలియదు. పిల్లాడు ఏ క్లాన్‌లో ఉన్నాడో తెలుసుకోండి. నేనైతే చెల్లె కొడుకు ఉన్న దాంట్లోనే చేరాను.

ఇక అసలు కోపం. మా వాడకట్టులో మగవాళ్ళు ఆదివారం చెట్టు కింద పేకాట ఆడితే "కాలక్షేపం". పిల్లలు ఆడితే "చెడిపోతున్నారు". ఇంటామె ఆడితే నవ్వుతారు. మా ఆయనే మొదటి వారం, "ఆ దయ్యాలతో నీకేం పనే?" అన్నాడు. ఇంట్లో పిల్లలు ఏ దయ్యాలతో తిరుగుతున్నారో చూసే పని నాదే అన్నాను. మా అత్తమ్మ మాత్రం ఆ డ్రాగన్‌ని చూసి "గిదేం కోడే బిడ్డా" అంది. ఆమెకి నచ్చింది.

నీకే అలవాటైతే అని అడిగారు ఒకావిడ. అయింది. ఒకరోజు దాడి మధ్యలో ఉండి పచ్చిపులుసు పోపు మాడ్చాను. అప్పటి నుంచి పొద్దున ఒక పావుగంట, రాత్రి అందరి భోజనాలయ్యాక ఒక పావుగంట. మేస్త్రీలకి పని అప్పజెప్పి ఫోన్ పక్కన పెడతాను, వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు. పిల్లాడికీ అదే లెక్క పెట్టాం. రోజూ పాటిస్తాడని చెప్పను. తప్పినరోజు నాకు తెలుస్తుంది, ఎందుకంటే వాడు ఆటలో ఉంటే నా ఫోన్‌లో కనిపిస్తుంది.

మొన్న రాత్రి పదిన్నరకి చెల్లె ఫోన్ చేసింది. మరిది రెండో షిఫ్టు, ఇంకా రాలేదు. పిల్లాడు పడుకున్నాడట. గొంతు తగ్గించి అడిగింది: "అక్కా, నాక్కూడ ఎక్కించుకోవాల్నని ఉంది. వాడు లేచేలోపు. ముందుగాల ఏం కట్టాలె?"