వారంలో తెల్లబడితే భయపడాలి

పెళ్లి కుదిరిందనగానే "మందుల షాపులో ఫలానా క్రీము అడుగు, వారంలో మెరుస్తావు" అని చెప్పే పెద్దమ్మలు, పిన్నులు మన ఇళ్లల్లో తక్కువా? వారంలో మెరిపించేది చాలాసార్లు స్టెరాయిడే. ట్యూబు తిప్పి చూడండి. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది రక్తనాళాల్ని కుదించి, ఎరుపునీ మంటనీ అణిచి, మొహాన్ని తేటగా చూపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, మొటిమలొస్తాయి, అవాంఛిత రోమాలు పెరుగుతాయి. మానేస్తే మళ్లీ మంట, ఎరుపు. అందుకే మానలేరు. స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని 2018లోనే కేంద్రం చెప్పింది. చీటీ ఎవరడుగుతున్నారు?

నిజంగా పనిచేసేవి నిదానంగానే చేస్తాయి. చర్మం పైపొర మారడానికే సుమారు 4 వారాలు. రెటినాల్ అయితే బఠాణీ గింజంత, రాత్రిపూట, వారానికి రెండుసార్లతో మొదలుపెట్టి, కనీసం 12 వారాలు ఓపిక పట్టాలి. గర్భిణులు దాని జోలికే పోకూడదు. పగలు సన్‌స్క్రీన్ రాయకపోతే ఎంత ఖరీదైన సీరమైనా దండగే.

అయినా చామనఛాయ జబ్బా, మందు రాయడానికి? మచ్చలుంటే చర్మం డాక్టరుకి చూపిద్దాం. రంగు కోసమైతే, ఆ ట్యూబు చెత్తబుట్టలో వేద్దాం. పిల్లని రంగు చూసి ఎంచేవాళ్లకి మన పిల్ల చర్మం ఎందుకు తాకట్టు పెట్టాలి?